అలికాంతెలో దీపాలు పెట్టే వేళ

బుధవారం, 2003 జూలై రెండో తేదీ. ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలు.

"నేను చెప్పేదెందుకు మేడమ్, మీరే చూడండి," అంటూ అంకమ్మరావు ఫొటోల ఆల్బమ్‌ని బల్ల మీద ఇటు తోశాడు.

లక్ష్మీదుర్గ ఆల్బమ్‌కంటే ముందు అతని చేతులు చూసింది. గుంటూరులో మిరపకాయల వ్యాపారం చేసేవాడి గోళ్ల సందుల్లో ఎంత రుద్ది కడిగినా వదలని ఎరుపు ఒకటుంటుంది. ఈయన గోళ్లు పెళ్లికొడుకు గోళ్లలా ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ల మనిషి, దట్టమైన మీసం, చల్లటి గది, తలుపు తెరిస్తే చాలు విసుక్కునే స్వభావం. మిర్చి ఎగుమతి కంపెనీకి యజమాని అంటే ఎవరైనా నమ్మాల్సిందే, ఎందుకంటే బోర్డు మీద అలాగే రాసి ఉంది.

లక్ష్మీదుర్గ పన్నెండేళ్లు ఎస్సైగా చేసి, పై అధికారులతో పడక, రాజీనామా కాగితం బల్ల మీద పడేసి వచ్చి అరండల్‌పేటలో రెండు గదుల డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న మనిషి. మూడు రోజుల కిందట ఆ గదిలోకి ధనశ్రీ అనే ఇరవై ఆరేళ్ల అమ్మాయి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే ఏడ్చింది. ఆమె భర్త సాయిగణేష్ ఈ కంపెనీలోనే సరుకు చూసి రకం తేల్చే పని చేస్తాడు. అంకమ్మరావుకి సొంత బాబాయి కొడుకు. జూన్ పన్నెండున, కర్ణాటకలో బ్యాడిగి మార్కెట్‌కి పోయి పది రోజుల్లో వస్తానని చెప్పి ఇల్లు కదిలాడు. మళ్లీ గడప తొక్కలేదు.

పంతొమ్మిదో తేదీ సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య కంపెనీలో రెండో భాగస్తుడు బాపయ్యని నల్లపాడు గోడౌన్‌లో ఎవరో కాటా కమ్మీతో తల పగలగొట్టి చంపారు. శవం పక్కన సాయిగణేష్ పచ్చగళ్ల తువ్వాలు దొరికింది. బ్యాడిగిలో విచారిస్తే ఆ మనిషి ఇటు రానేలేదన్నారు. ఇక పోలీసులకి కావలసిందేముంది? భార్యకి అబద్ధం చెప్పినవాడు, తువ్వాలు వదిలినవాడు, పరారైనవాడు. మూడూ కలిపితే హంతకుడు.

ధనశ్రీ చెప్పింది ఒకటే మాట. "ఆయన నాతో అబద్ధమెందుకు చెప్పాడో నాకు తెలీదక్కా. కానీ చంపలేదు. పోలీసులకి దొరక్కముందే మీరు వెతికిపెట్టండి."

బాపయ్యని చంపడానికి కారణమున్న మనిషి మరొకడున్నాడని మిర్చి యార్డులో ఎవర్ని కదిలించినా చెబుతారు. విదేశాలకి పంపే కారంలో అంకమ్మరావు రంగు కలిపిస్తున్నాడనీ, సరుకు ఓడ ఎక్కనివ్వనని బాపయ్య నలుగురిలో అన్నాడనీ అందరికీ తెలుసు. కానీ హత్య జరిగిన రోజున ఆ మనిషి గుంటూరులోనే కాదు, ఈ దేశంలోనే లేడు. పాస్‌పోర్టు మీద స్పెయిన్‌లో దిగిన ముద్ర జూన్ పద్నాలుగు, బయల్దేరిన ముద్ర ఇరవై ఒకటి. రెండూ అసలువేనని పోలీసులు రూఢి చేసుకున్నారు.

ఆ ముద్రల గోడని గీకి చూడ్డానికే ఆమె వచ్చింది.

"పంతొమ్మిదో తేదీ గురించి చెప్పండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి," అంది.

అంకమ్మరావు తడుముకోకుండా మొదలుపెట్టాడు. ఊరి పేరు అలికాంతె. సముద్రం ఒడ్డునే ఊరు, ఊరి నెత్తిన కొండ, కొండ మీద పాత కోట. ఖర్జూరపు చెట్ల మధ్య ఎరుపు, తెలుపు, నలుపు రాళ్లు అలల్లా పరిచిన బాట. వింటుంటే లక్ష్మీదుర్గకి ఒక అనుమానం వచ్చింది. ఊరు చూసి వచ్చినవాడు ముందు తిండి గురించి చెబుతాడు, తర్వాత బాత్‌రూము గురించి చెబుతాడు, ఎవడు మోసం చేశాడో చెబుతాడు. ఈయన ఊరు మొత్తం చెప్పాడు గానీ అందులో ఈయన లేడు.

"పొద్దున సరుకు కొనే పార్టీవాళ్లతో మీటింగు, మధ్యాహ్నం వాళ్లతోనే భోజనం. కాసేపు పడుకుని సాయంత్రం ఆరున్నరకి, దీపాలు పెట్టే వేళకి, సముద్రపొడ్డుకి పోయేవాణ్ణి. రోజూ అంతే. పగలంతా ఎండ మేడమ్, మన రెంటచింతల ఎండే అనుకోండి. చీకటి పడ్డాకే కాస్త గాలాడేది. ఎనిమిదింటికల్లా రూముకి చేరేవాణ్ణి."

అంతలో తలుపు తోసుకుని ఒక బ్రోకరు దోసెడు శాంపిల్ కాయలతో లోపలికొచ్చాడు. అంకమ్మరావు చటుక్కున జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు, అయినా లాభం లేకపోయింది. వరసగా నాలుగు తుమ్మాడు. కళ్లు ఎర్రబడ్డాయి. బ్రోకర్ని బయటికి నెట్టినంత పని చేసి, తనకి ఎలర్జీ అనీ, యార్డు మొహం చూసి పదేళ్లయిందనీ, సరుకు సంగతంతా గణేషే చూస్తాడనీ సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

లక్ష్మీదుర్గ అప్పుడు ఆల్బమ్ తెరిచింది. ప్రతి ఫొటోలోనూ మీసమున్న మనిషి, గడ్డి టోపీ, నల్లకళ్లద్దాలు. మూలన కెమెరా వేసిన తేదీ. రెండు ఫొటోల దగ్గర ఆమె వేలు ఆగింది. ఒకదాంట్లో అతను సందు మొగలో నిలబడ్డాడు, వెనక మందులషాపు మీద ఆకుపచ్చ దీపాల శిలువ, దాని మధ్యలో వెలిగే అంకెలు. రెండోది కూరగాయల మార్కెట్టు. అతని చేతిలో ఎర్రగా, గుండ్రంగా ఏదో ఉంది. దాన్ని చెవి దగ్గర పట్టుకుని ఉన్నాడు.

"చేతిలో ఇదేంటి?"

"ఆ ఊరి పండేదో. పేరు నోరు తిరగదు. రుచి చూడమన్నారు."

రెండు ఫొటోలూ తీసుకోవచ్చా అని అడిగితే దర్జాగా తీసుకోమన్నాడు. సాయిగణేష్ గురించి అడిగితే నిట్టూర్చాడు. ఎక్కడున్నా నాలుగైదు రోజుల్లో తనకి ఫోను చేయకపోడనీ, దొరికితే తమ్ముడని చూడకుండా తనే తీసుకెళ్లి పోలీసులకి అప్పగిస్తాననీ అన్నాడు.

అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. కానీ ఆకుపచ్చ శిలువలో అంకెలు ఆమె కళ్లలో మెదిలాయి. 20:15. ఆ మనిషి సగం మొహం మీద ఎండ. గుమ్మం దాకా వెళ్లినదల్లా నోటి దురద ఆపుకోలేక వెనక్కి తిరిగింది.

"అన్నట్టు, అక్కడ పొద్దు ఎన్నింటికి గూకుతుందండీ?"

"మామూలే. ఆరున్నర..." అని ఆగాడు. అతని చూపు ఆమె హ్యాండ్‌బ్యాగు మీదికి, అందులోకి వెళ్లిన ఫొటోల మీదికి పాకింది. "ఆ ప్రశ్నెందుకు మేడమ్?"

ఊరికేనని నవ్వి వచ్చేసింది. ఆ నవ్వు ఎంత ఖరీదైనదో ఆమెకి అప్పుడు తెలియదు.

* * *

మధ్యాహ్నం పన్నెండు నలభై. నల్లపాడు గోడౌన్.

సీఐ ప్రేమదాసు పది నిమిషాలకే అనుమతి ఇచ్చాడు. తోడు కానిస్టేబుల్ రంజాన్‌ని పంపాడు. రంజాన్ ముందు తలుపు సీలు తీసి, రెక్క తోసి, తను మాత్రం పక్కకి జరిగాడు. ఎందుకు జరిగాడో లోపల కాలు పెట్టగానే ఆమెకి అర్థమైంది. పన్నెండు రోజులుగా మూసి ఉన్న మిర్చి గోడౌన్ అది. ఘాటు ముక్కులోకి కాదు, నేరుగా గొంతులోకి దిగింది. ఆమె దగ్గుతూనే పని మొదలుపెట్టింది.

మిర్చి నింపిన గోనె టిక్కీలు కప్పు దాకా వరసలు వరసలుగా పేర్చి ఉన్నాయి. మధ్యలో సన్నటి దారి. దారి చివర కాటా, దాని పక్కన సుద్దతో గీసిన మనిషి గీత. అన్నిటి మీదా వేలితో పేరు రాయగలిగినంత మందాన ఎర్రటి దుమ్ము. వెనక గోడకి చిన్న తలుపు ఉంది. లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. బయటివాడెవడూ రావడానికి లేదు మేడమ్, మేం మా జాగ్రత్తలో ఉన్నాం అని రంజాన్ గుమ్మం దగ్గర్నుంచే దగ్గుతూ కేకేశాడు.

శవాన్ని మొదట చూసిన హమాలీ మేస్త్రి రోశయ్యని కూడా ఆమె పిలిపించింది. అరవై ఏళ్ల మనిషి, తలగుడ్డ చుట్టుకుని, ఆ ఘాటులో మల్లెపూల పందిట్లో నిలబడ్డంత హాయిగా నిలబడ్డాడు. పంతొమ్మిదో తేదీ సాయంత్రం ఏం చూశావని అడిగింది.

"చూడ్డం కాదమ్మా, విన్నా. ఆరూ పది, ఆరున్నర మధ్యన. నేను ఆ రోడ్డవతల టీ తాగుతున్నా. లోపల ఎవరో ఒకటే దగ్గటం, తుమ్మటం. తుమ్మి తుమ్మి చచ్చేట్టున్నాడే అనుకున్నా. కొత్త డ్రైవరెవడో సరుక్కొచ్చాడేమో అనుకున్నా."

"బాపయ్య గారేమో?"

"బాపయ్య గారు నలభై ఏళ్లు కాయల్లో బతికినాయన. ఆయనకెందుకొస్తదమ్మా దగ్గు? గణేష్ బాబుకీ రాదు. ఆ బాబు ఈ టిక్కీల మీదే పడుకుని నిద్రపోతాడు."

ఈ మాట పోలీసులకి చెప్పావా అంటే, చెప్పాననీ, ముసలాడు దగ్గి ఉంటాడని వాళ్లు రాసుకున్నారనీ అన్నాడు. లక్ష్మీదుర్గ కాగితం మీద రాసుకుంది. చంపినవాడు మిరపకాయల మనిషి కాదు.

అప్పుడు మార్కెట్టు ఫొటో తీసి రోశయ్య చేతికిచ్చి, ఇదేం పండో తెలుసా అని అడిగింది. రోశయ్య ఫొటోని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు. పండేంటమ్మా అని నవ్వాడు. పండునెవడైనా చెవిలో పెట్టుకుంటాడా? ఎండుమిరపకాయని చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమనాలి. గలగలమంటే ఎండినట్టు, లేకపోతే తేమ ఉన్నట్టు. ఇది గుండ్రంగా ఉంది గానీ కాయే, వాడు చూస్తున్నది తేమే.

అంతటితో ఆగాడు. నవ్వు పోయింది. మళ్లీ చూశాడు.

"అయినా అమ్మా, ఈ బాబు కుడిచేత్తో పట్టుకుని ఎడం చెవికి పెట్టాడే. కుడిచేతివాటం మనిషి కుడి చెవికి గదా పెడతాడు. మన గణేష్ బాబుకి చిన్నప్పుడు తట్టు పోసి కుడి చెవి పోయింది. కుడిచేత్తో పట్టుకుని ఇట్టా మెడ తిప్పి ఎడం చెవికి పెడతాడు. యార్డులో అందరం ఎగతాళి చేస్తాం. ఈ ఫొటో ఎక్కడిది?"

లక్ష్మీదుర్గ ఫొటోని వెనక్కి తీసుకుంది. సమాధానం చెప్పబోతే దగ్గు తెరలు తెరలుగా కమ్మేసింది. వెనక తలుపు దగ్గరి టిక్కీని ఆనుకుని నిలదొక్కుకుంది. ఆ టిక్కీ మీద రెండు చిన్న కుప్పలున్నాయి. ఒకటి నిగనిగలాడే ఎర్రకాయలు, రెండోది రంగు పోయిన తాలుకాయలు. ఎవరో కూర్చుని ఏరిపెట్టారు. గణేష్ బాబు అలవాటే, ఆ చేతులు ఊరికే ఉండవు అన్నాడు రోశయ్య. ఆమె ఎర్రకాయ ఒకటి తీసి చూసింది. అద్దంలా మెరుస్తోంది. ఏదో ఒక ఆలోచన సగం దాకా వచ్చింది గానీ, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే, రంజాన్ టైమయిందని కేకలేస్తుంటే, చేతిలో ఫొటో నిప్పులా కాలుతుంటే, అది అక్కడే జారిపోయింది.

* * *

మధ్యాహ్నం మూడూ ఇరవై. సర్కిల్ ఆఫీసు.

దారిలో బ్రాడీపేటలో ఇంటర్నెట్ సెంటర్ దగ్గర ఆగి, పేజీ తెరుచుకోవడానికి ఇరవై నిమిషాలు కాచుకుని, కావలసిన కాగితం ప్రింటు తీయించుకుని వచ్చింది. దాన్ని, ఫొటోల్ని ప్రేమదాసు బల్ల మీద పరిచింది.

సీఐ ప్రేమదాసు చెడ్డవాడు కాదు, లంచగొండి కాదు. అంతకంటే కష్టమైన మనిషి, ఒకసారి నిర్ణయించుకుంటే దేవుడొచ్చి చెప్పినా మార్చుకోడు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ఎస్సైలుగా చేరారు. శిక్షణలో ఆమె ఫస్టు, అతను సెకండు. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు.

"ఏంటమ్మా దుర్గా, కేసు తేల్చేశావా?"

"తేలిపోయింది సీఐ గారూ. అంకమ్మరావు స్పెయిన్ వెళ్లలేదు. ఆయన పాస్‌పోర్టు మాత్రమే వెళ్లింది."

ప్రేమదాసు కుర్చీలో వెనక్కి వాలి వినడానికి సిద్ధపడ్డాడు. ఆమె చెప్పింది. అలికాంతెలో జూన్ నెలలో పొద్దు గూకేది రాత్రి తొమ్మిదీ ఇరవై దాటాకే. ఆరున్నరకి అక్కడ నడినెత్తి మీద నుంచి కాస్త దిగిన సూర్యుడు తప్ప చీకటనేది లేదు. అంకమ్మరావు తన ఆల్బమ్‌లోంచి తనే ఇచ్చిన ఫొటోలో రాత్రి ఎనిమిదీ పావుకి మొహం మీద ఎండ ఉంది. ఆయన మాత్రం రోజూ దీపాలు పెట్టే వేళకి షికారుకి వెళ్లి చీకట్లో చల్లగాలి పీల్చుకుని వచ్చాడు.

"దీపాలు పెట్టే వేళ అన్నాడు. మాటవరసకి అనరా ఎవరైనా?"

"మాటవరసే. దొరికింది అందులోనే. మనకి చలికాలమైనా ఎండాకాలమైనా పొద్దు గూకడంలో మహా అయితే గంట తేడా. భూమ్మీద ఎక్కడైనా ఆరున్నరకి దీపాలు పెడతారనుకున్నాడు. అక్కడ ఒక్క రోజు ఉన్నవాడు ఆ పొరపాటు చేయడు. రాత్రి తొమ్మిదైనా ఎండ పోకపోతే మన గుంటూరోడు ఆ వింత చెప్పకుండా ఉంటాడా? అదే ముందు చెబుతాడు."

"మరి ఫొటోలో ఉన్నదెవరు?"

"సాయిగణేష్. అన్నదమ్ముల పిల్లలు, ఒకే పోలిక, ఒకే మీసం. సరుకు తెలిసినవాణ్ణి పంపుతున్నానని నమ్మించి తన పాస్‌పోర్టు మీద పంపాడు. ఇంట్లో కూడా చెప్పొద్దన్నాడు కాబట్టే అతను భార్యకి బ్యాడిగి అని చెప్పాడు. మీరు పట్టుకు తిరుగుతున్న ఆ అబద్ధం అదే. అంకమ్మరావుకున్న అలిబీ నిజమే సీఐ గారూ. కాకపోతే అది ఆయనది కాదు, మీరు హంతకుడంటున్నవాడిది."

గోడౌన్‌లో దగ్గు గురించి, చెవి దగ్గర కాయ గురించి కూడా చెప్పింది. ప్రేమదాసు చాలాసేపు ఫొటోని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత మెల్లగా ఆమె వైపు తోశాడు.

"టోపీ, నల్లద్దాలు. దీన్ని పట్టుకుని కోర్టుకి పోతే మన బట్టలూడదీస్తారు. హమాలీ దగ్గు విన్నాడట, చెవి చూసి గుర్తుపట్టాడట. తువ్వాలు మాత్రం తువ్వాలే. కాగితం తీసుకురా దుర్గా. సాయిగణేష్ అక్కడున్నాడని చెప్పే ఒక్క కాగితం. ఈలోపు నీకు శ్రమ తగ్గించే వార్త ఒకటి చెప్తా. పన్నెండు గంటలకి అంకమ్మరావు ఫోన్ చేశాడు. తమ్ముడు టచ్‌లోకి వచ్చాడట. ఈ రోజే సాయంత్రం ఐదింటికి తీసుకొచ్చి సరెండర్ చేయిస్తానన్నాడు."

లక్ష్మీదుర్గ గోడ గడియారం వైపు చూసింది. పదకొండుంబావుకి నాలుగైదు రోజులన్న మనిషి, పన్నెండింటికి ఈ రోజే అన్నాడు. మధ్యలో జరిగింది ఒక్కటే. గుమ్మంలో తను అడిగిన ప్రశ్న.

"తీసుకురాడు. ప్రాణంతో తీసుకురాడు," అంది. "సాయిగణేష్ నోరు తెరిస్తే మొదట చెప్పేది స్పెయిన్ గురించే. అది తెలిసీ అంకమ్మరావు అతన్ని మీ ముందు నిలబెడతాడా? శవాన్ని తెస్తాడు. చేసిన పాపానికి కుమిలిపోయి పురుగుమందు తాగాడంటాడు. మీ కేసు మూసేస్తారు."

"డిటెక్టివ్ నవలలు తగ్గించమ్మా."

"అతనెక్కడున్నాడో కనుక్కోండి. అంకమ్మరావు కారు ఎక్కడుందో కనుక్కోండి. నన్ను తిట్టుకోండి, తర్వాత నవ్వుకోండి, ఈ ఒక్కటీ చేయండి."

"కాగితం," అన్నాడు ప్రేమదాసు, ఇంకో ఫైలు ముందుకి లాక్కుంటూ.

ఆమె బయటికొచ్చి వరండాలో నిలబడింది. కాగితం ఎక్కడినుంచి తెస్తుంది? ఇంకొక్క గంటన్నర. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఎన్నో కేసులు ఓడిపోయింది గానీ, తన నోటితో తనే ఒక మనిషి చావు ముహూర్తం పెట్టి రావడం ఇదే మొదలు. ఫోన్ బూత్ నుంచి అంకమ్మరావు ఆఫీసుకి చేసింది. సార్ పదకొండున్నరకే బయటికెళ్లారన్నారు. ఇంటికి చేసింది, లేరన్నారు. తెలిసిన బ్రోకర్లకి, డ్రైవర్లకి చేసింది. ఎవరికీ తెలియదు. మొత్తం తొమ్మిది ఫోన్లు.

నాలుగూ ఇరవై అయిదుకి ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ధనశ్రీ దిగింది. చెప్పుల్లేవు. మధ్యాహ్నం పోస్టులో వచ్చిన ఒక కార్డు రెండు చేతులతో పట్టుకుని ఉంది. నీలం సముద్రం, కొండ, కొండ మీద కోట. లక్ష్మీదుర్గ అది లాక్కుని, మాట్లాడకుండా, ఆమెని చెయ్యి పట్టుకుని ప్రేమదాసు గదిలోకి నడిపించుకుపోయి, కార్డుని బల్ల మీద తిరగేసి పెట్టింది. అలికాంతె పోస్టాఫీసు ముద్ర, పంతొమ్మిది జూన్. కింద తెలుగు అక్షరాలు.

"పైకి చదువమ్మా," అన్నాడు ప్రేమదాసు.

ధనశ్రీ చదివింది.

"ధనా, కోప్పడకు. నేను బ్యాడిగిలో లేను, చాలా దూరంలో ఉన్నా. వచ్చాక అన్నీ చెప్తా, ఎవరికీ చెప్పకు. ఇక్కడ రాత్రి తొమ్మిది దాటినా ఎండ పోదు. మొదటి రోజు గడియారం పాడైందనుకున్నా. ఇక్కడి మిరపకాయ గుండ్రంగా టమాటాలాగా ఉంది, కారం లేదు, ఊపితే మాత్రం మన కాయలాగే మోగింది. నువ్వు దీపం పెట్టే వేళకి ఇక్కడ మధ్యాహ్నం మూడు. రోజూ మూడింటికి ఎక్కడున్నా ఒక్క నిమిషం ఆగి నిన్ను తలుచుకుంటున్నా. నీ గణేష్."

ప్రేమదాసు కార్డు తీసుకుని ముద్రని చూశాడు, అక్షరాల్ని చూశాడు. ఫైల్లోంచి సాయిగణేష్ రాసిన సరుకు చీటీ తీసి పక్కన పెట్టి చూశాడు. దేవుడొచ్చి చెప్పినా వినని మనిషి, ఎండ గురించి మొగుడు పెళ్లానికి రాసిన నాలుగు ముక్కలకి లొంగిపోయాడు.

అప్పుడే బల్ల మీద సెల్‌ఫోన్ మోగింది. అంకమ్మరావు. ప్రేమదాసు కళ్లతోనే సైగ చేశాడు. లక్ష్మీదుర్గ వంగి ఫోనుకి చెవి ఆనించింది.

"సార్, తమ్ముడు నా కార్లోనే ఉన్నాడు. చిలకలూరిపేట దాటాం. మనిషి అదోలా ఉన్నాడు సార్. పురుగుమందు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎంత బతిమాలినా ఇవ్వట్లా. నాకు భయంగా..."

తుమ్మాడు. ఆగకుండా ఇంకో రెండు. మళ్లీ ఏదో చెప్పబోయి మళ్లీ తుమ్మాడు. లైను తెగిపోయింది.

"చిలకలూరిపేట రోడ్డుకి జీపు పంపిస్తా," అంటూ ప్రేమదాసు లేచాడు.

"ఆగు ప్రేమదాసూ." ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. "కార్లో మిరపకాయలెందుకుంటాయి?"

సగంలో జారిపోయిన ఆలోచన ఇప్పుడు మొత్తంగా వచ్చి నిలబడింది. టిక్కీల మీద వేలితో రాయగలిగినంత దుమ్ము. ఏరిపెట్టిన రెండు కుప్పల మీద మాత్రం లేదు. పన్నెండు రోజులుగా సీలు వేసిన గోడౌన్‌లో, అద్దంలా మెరిసే కాయలు. వెనక తలుపుకి లోపలి నుంచి గడియ. గడియ ఉంది కాబట్టి ఎవరూ రాలేరనుకున్నారు అందరూ. లోపల ఉన్నవాడు పెట్టుకున్నాడని ఎవరికీ తట్టలేదు. సీలు వేసిన రోజు ఆ తలుపుకి గడియ ఉందో లేదో ఎవరూ చూసుకోలేదు. పోలీసులు చూస్తే కాల్చేస్తారని సాయిగణేష్‌ని భయపెట్టి, పోలీసుల సీలు వెనకే దాచాడు అంకమ్మరావు. పోలీసులు వెతకని చోటు గుంటూరు మొత్తం మీద అదొక్కటే. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"నల్లపాడు గోడౌన్," అంది. "ఇద్దరూ లోపలే ఉన్నారు."

ప్రేమదాసు ఇంకేమీ అడగలేదు. టోపీ కూడా తీసుకోకుండా పరుగెత్తాడు. నల్లపాడు స్టేషన్‌కి ఫోన్ చేయమని రంజాన్‌కి అరిచి చెప్పాడు. ఎంగేజ్ వస్తోంది సార్ అని రంజాన్ లోపల్నుంచి కేకేశాడు. జీపు కదిలేసరికి నాలుగూ నలభై. ఎవరూ ఎక్కమనకుండానే ధనశ్రీ వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. దారిలో రైల్వే గేటు పడితే పది నిమిషాలు పోతాయి. పురుగుమందు డబ్బా మూత తీయడానికి పది నిమిషాలక్కర్లేదు.

దూరాన గేటు దగ్గర లారీలు బారు తీరి ఆగి ఉండటం కనిపించింది. ప్రేమదాసు హారన్ మీద చెయ్యి తీయలేదు.

ధనశ్రీ ముందుకి వంగి, లక్ష్మీదుర్గ భుజం పట్టుకుంది.

"అక్కా, మధ్యాహ్నం మీరు ఆ గోడౌన్‌లోకి వెళ్లొచ్చానన్నారుగా. ఆయన అక్కడే ఉంటే మీకు కనపళ్లేదా? ఏ చప్పుడూ వినపళ్లేదా?"

ఆ టిక్కీల వరస వెనక, లక్ష్మీదుర్గకి నాలుగడుగుల దూరంలో, ఊపిరి బిగబట్టి అతను కూర్చునే ఉన్నాడు. ఆమె దగ్గింది, రంజాన్ దగ్గాడు. అతను కూడా ఒక్కసారి దగ్గి ఉంటే ఈ పాటికి ఈ అమ్మాయి పక్కన ఉండేవాడు. కానీ అతను మిరపకాయల్లో పుట్టి పెరిగినవాడు. అతనికి దగ్గు రాదు.